"అయితే ఏదీ నమ్మకూడదా టీచర్?"

ప్రశ్న: నేను 6, 7, 8 తరగతులకు సైన్స్ చెబుతాను. ప్రాజెక్ట్ వర్క్ ఇచ్చినప్పుడల్లా ఒకటే తంతు. పిల్లలు టాపిక్ పేరు సెర్చ్‌లో కొడతారు, మొదట వచ్చిన లింకు తెరుస్తారు, ఉన్నది ఉన్నట్టు దించేస్తారు. ఈమధ్య కొందరు ఆ కష్టం కూడా పడడం లేదు. చాట్‌బాట్‌ను అడిగి, అది ఇచ్చింది అతికించేస్తున్నారు. ఏ వెబ్‌సైట్‌ను నమ్మాలో నేర్పుదామని పది ప్రశ్నల చెక్‌లిస్టు ఒకటి ఇచ్చాను. రాసింది ఎవరు, తేదీ ఉందా, అక్షర దోషాలు ఉన్నాయా, ఇలాంటివి. అందరూ అన్నిటికీ టిక్కులు పెట్టి తెచ్చారు. వాళ్లు తెచ్చిన వాటిలో ఒకటి విటమిన్ మాత్రలు అమ్ముకునే కంపెనీ పేజీ! పోయిన వారం ఇంటర్నెట్‌లో తిరిగే అబద్ధాలు కొన్ని చూపిస్తే ఒక అమ్మాయి లేచి, "అయితే ఏదీ నమ్మకూడదా టీచర్?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. కంప్యూటర్ ల్యాబ్ మాకు వారానికి ఒక్క పీరియడే దొరుకుతుంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ ఆ అమ్మాయి ప్రశ్న దగ్గర ఆగిపోయాను. చెక్‌లిస్టు సంగతి, చాట్‌బాట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆమెకు జవాబు చెప్పాలి. పన్నెండు పదమూడేళ్ల వయసులో "అన్నీ అబద్ధాలే" అన్న మాట ఒకసారి మనసులో నాటుకుంటే దాన్ని పెరకడం చాలా కష్టం. అన్నీ నమ్మే పిల్లాడికి ఏదో ఒక రోజు నేర్పవచ్చు. ఏదీ నమ్మనని కూర్చున్న పిల్లాడు మీరు చెప్పే పాఠాన్నీ నమ్మడు. చివరికి తనకు నచ్చినవాళ్లు చెప్పిందే పట్టుకుని ఉండిపోతాడు.

నేను చాలా ఏళ్లు ఈ వయసు పిల్లలకే పాఠాలు చెప్పాను, ఆ తర్వాత స్కూలు లైబ్రరీ చూసుకున్నాను. అబద్ధాలు పట్టుకోవడం నేర్పాలన్న ఆరాటంతోనే నేనూ మొదలుపెట్టాను. కొన్నేళ్లు పోయాక గానీ ఒక విషయం అర్థం కాలేదు. అనుమానించడం పిల్లలకు మనం నేర్పకపోయినా వచ్చేస్తుంది. ఫలానాదాన్ని ఎందుకు నమ్మవచ్చో కారణం వెతుక్కోవడమే వాళ్లకు రాదు. మనం పీరియడ్లు ఖర్చు పెట్టాల్సింది దాని మీద.

అందుకని ఆ అమ్మాయితో ఇలా చెప్పి చూడండి. "నమ్మాలమ్మా. నమ్మకుండా ఎవరం ఏమీ నేర్చుకోలేం. కాకపోతే నమ్మే ముందు బయట ఒకసారి విచారించాలి. నిన్ను కొత్త ట్యూషన్‌లో చేర్పించే ముందు మీ అమ్మానాన్నలు ఆ మాస్టారినే వెళ్లి 'మీరు బాగా చెబుతారా?' అని అడుగుతారా? అడగరు. అక్కడ చదివిన పిల్లల్ని అడుగుతారు, వాళ్ల అమ్మానాన్నల్ని అడుగుతారు. వెబ్‌సైట్ విషయంలో కూడా అంతే." మిగతా ఉత్తరమంతా ఈ ట్యూషన్ మాట చుట్టూనే తిరుగుతుంది, ఏమనుకోకండి.

ఇక మీ చెక్‌లిస్టు. దాన్ని తప్పుపట్టను. ఇలాంటివి చాలా దేశాల్లో వాడుతున్నారు. వాటిలో బాగా పేరున్న ఒకటి 2004లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ చికో లైబ్రరీలో తయారైంది. సమాచారం తాజాదా, మన పనికి వస్తుందా, రాసినవారికి అర్హత ఉందా, ఖచ్చితమైనదా, ఏ ఉద్దేశంతో రాశారు అని అందులో అయిదు అంశాలు. ప్రశ్నలన్నీ మంచివే. చిక్కంతా ఎక్కడంటే, పిల్లలు వాటికి జవాబులు ఆ పేజీలోనే వెతుకుతారు. ట్యూషన్ మాస్టారినే "మీరు బాగా చెబుతారా" అని అడిగినట్టు. మాత్రలు అమ్మే కంపెనీ తన పేజీలో తెల్లకోటు వేసుకున్న మనిషి ఫోటో పెడుతుంది, నిన్నటి తేదీ వేస్తుంది, అక్షర దోషాలు లేకుండా రాయిస్తుంది, "మా గురించి" అని చక్కగా నాలుగు పేరాలు పెడుతుంది. చిరునామా చివర డాట్ ఆర్గ్ ఉంటే సేవా సంస్థ అయి ఉంటుందని పిల్లలకు ఎవరో చెప్పి ఉంటారు. డబ్బు కడితే డాట్ ఆర్గ్ ఎవరికైనా దొరుకుతుంది. కాబట్టి మీ పిల్లలు నిర్లక్ష్యంగా టిక్కులు పెట్టారనుకోకండి. వాళ్లు నిజాయితీగానే చూశారు. చూడాల్సిన చోటు అది కాదు, అంతే.

ఇది మీ ఒక్క క్లాసు సమస్య కూడా కాదు. స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో చరిత్ర బోధన మీద పనిచేసే బృందం 2016లో ఒక నివేదిక ఇచ్చింది. మీ పిల్లల వయసువాళ్లకే ఒక వార్తా వెబ్‌సైట్ మొదటి పేజీ చూపించి, ఏది వార్తో ఏది ప్రకటనో చెప్పమన్నారు. మామూలు ప్రకటనల్ని చాలామంది గుర్తుపట్టారు. వార్తలాగా రాసి, పైన "స్పాన్సర్డ్ కంటెంట్" అని ముద్ర వేసిన దాన్ని మాత్రం 80 శాతానికి పైగా వార్తే అన్నారు. వాళ్లలో కొందరు ఆ ముద్రను చూశారు, జవాబులో రాశారు కూడా. అయినా అది వార్తే అన్నారు. నన్ను ఆలోచనలో పడేసింది ఇదే. వాళ్లకు కళ్లు కనబడక కాదు, ఆ మాటకు అర్థం ఎవరూ చెప్పక. ఒక పీరియడ్‌లో పది నిమిషాలు తీసుకుని, "ఈ మాట ఎక్కడ కనబడినా ఎవరో డబ్బు కట్టి వేయించారని అర్థం. సెర్చ్ ఫలితాల్లో పైన వచ్చే వాటి మీద కూడా చాలాసార్లు ఇదే ఉంటుంది" అని చూపించండి. దీనికి పెద్ద పాఠం అక్కర్లేదు.

చాలామంది టీచర్లు ఇక్కడ వింత అబద్ధపు వెబ్‌సైట్లు చూపించి పిల్లల్ని బోల్తా కొట్టిస్తారు. అందరూ వాడేది చెట్టెక్కే ఆక్టోపస్ పేజీ. అమెరికా వాయవ్య ప్రాంతపు అడవుల్లో చెట్ల మీద ఆక్టోపస్‌లు బతుకుతాయని, అవి అంతరించిపోతున్నాయని 1998లో ఒకాయన సరదాకు పెట్టిన వెబ్‌సైట్ అది. కనెక్టికట్ యూనివర్సిటీ పరిశోధకులు ఏడో తరగతి పిల్లలకు దాన్ని ఇచ్చి చూస్తే దాదాపు అందరూ నమ్మేశారు. ఆక్టోపస్‌లు ఉప్పునీళ్లలో తప్ప బతకవని పాఠంలో చదివినవాళ్లు కూడా ఆ పేజీలో బొమ్మలు చూసి తడబడతారు. నేనూ కొన్నేళ్లు దాన్ని వాడాను. ఇప్పుడు వాడను. మొదటి కారణం, అందరి ముందూ బోల్తా పడ్డ పిల్లలు సిగ్గుపడతారు, ఆ సిగ్గులోంచే "ఏదీ నమ్మను" అనే మాట పుడుతుంది. రెండోది, పిల్లలకు నిజంగా ఎదురయ్యే పేజీలు ఇంత వింతగా ఉండవు. వాటిలో ముప్పాతిక నిజం ఉంటుంది, మిగతా పావులో తేడా ఉంటుంది.

ఒక్కోసారి మొత్తం నిజమే ఉంటుంది, అయినా మోసపోతాం. 1997లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఒక 14 ఏళ్ల విద్యార్థి తన సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టుగా ఒక పని చేశాడు. "డైహైడ్రోజన్ మోనాక్సైడ్" అనే రసాయనం గురించి రాసి ఉన్న కాగితాన్ని 50 మంది తొమ్మిదో తరగతి పిల్లలకు ఇచ్చాడు. పీల్చితే ప్రాణం పోవచ్చు, ఆవిరిగా ఉన్నప్పుడు తగిలితే ఒళ్లు కాలుతుంది, ఆమ్ల వర్షాల్లో ఉంటుంది, కేన్సర్ కణితుల్లోనూ కనబడింది. దీన్ని నిషేధించాలా అని అడిగితే 43 మంది నిషేధించాలన్నారు. అది నీళ్లని కనిపెట్టింది ఒక్కరే. మీరు సైన్స్ టీచర్ కాబట్టి ఆ పేరు విప్పితే ఏమొస్తుందో మీ పిల్లలతోనే చెప్పించవచ్చు. కాగితంలో ఒక్క అబద్ధం లేదు. చెక్‌లిస్టులో "సమాచారం నిజమేనా" అన్న ప్రశ్నకు టిక్కు పెట్టాల్సిందే. కాగితాన్నే ఎన్నిసార్లు చదివినా పిల్లాడికి తెలియదు. ఆ పేరు పట్టుకుని బయట వెతికితే అర నిమిషంలో తెలిసిపోతుంది.

బయటికి వెళ్లి వెతకడం అన్నది అలవాటుగా ఎవరికి ఉందో కూడా ఆ స్టాన్‌ఫోర్డ్ బృందమే చూసింది. చరిత్రలో డాక్టరేట్లు చేసిన 10 మంది, స్టాన్‌ఫోర్డ్‌లో డిగ్రీ చదివే 25 మంది విద్యార్థులు, నిజనిర్ధారణే ఉద్యోగంగా చేసే ఫ్యాక్ట్ చెకర్లు 10 మంది. అందరికీ ఒకే పని ఇచ్చారు. పేర్లు ఒకేలా ఉన్న రెండు పిల్లల డాక్టర్ల సంఘాల వెబ్‌సైట్లు చూసి, ఏది ఎక్కువ నమ్మదగినదో చెప్పమన్నారు. ఒకటి వేల మంది సభ్యులున్న పాత సంఘం. ఇంకోటి దాంట్లోంచి విడిపోయి వచ్చిన ఒక చిన్న వర్గం. విద్యార్థులు పేజీని పైనుంచి కిందికి శ్రద్ధగా చదివారు, లోగో చూశారు, కింద ఇచ్చిన ఆధారాల జాబితా చూశారు. వాళ్లలో ఎక్కువమంది ఆ చిన్న వర్గాన్నే ఎంచుకున్నారు. అంత చదువుకున్న చరిత్రకారుల్లోనూ కొందరు తేల్చుకోలేకపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం పేజీ తెరిచిన కాసేపటికే దాన్ని అలా వదిలేసి, కొత్త ట్యాబ్‌లో ఆ సంఘం పేరు కొట్టి, వేరేవాళ్లు దాని గురించి ఏమంటున్నారో చూశారు. అందరూ ఒకే జవాబు చెప్పారు, అదీ తొందరగా.

పేజీని నిలువునా చదవడం మానేసి అడ్డంగా, ట్యాబ్ నుంచి ట్యాబ్‌కు చదవడం కాబట్టి దీనికి లేటరల్ రీడింగ్ అని పేరు పెట్టారు. పిల్లలకు పేరు చెప్పకపోయినా పర్వాలేదు. "పక్కింట్లో అడిగి రా" అంటే చాలు, మా పిల్లలు అలాగే అనేవాళ్లు. ఈ ఒక్క అలవాటు పడితే మీ పది ప్రశ్నల్లో ఏడెనిమిదింటికి జవాబులు వాటంతటవే వస్తాయి.

దీన్ని నేర్పడం ఎలా? ముందు మీరే పిల్లల ముందు చేయాలి, పైకి మాట్లాడుతూ. మీకు ముందే తెలిసిన పేజీ తీసుకోకండి, నిజంగా తెలియనిదే తీసుకోండి. "ఈ పేజీ బాగుంది, కానీ వీళ్లెవరో నాకు తెలియదు. పేరు కాపీ చేస్తున్నాను. కొత్త ట్యాబ్. ఇదిగో, పది ఫలితాలు వచ్చాయి. మొదటిది వాళ్ల సొంత పేజీయే, అది వద్దు. రెండోది వాళ్ల ఫేస్‌బుక్, అదీ వద్దు. మూడోది ఒక వార్తాపత్రిక, ఇది వేరేవాళ్లు రాసింది. దీన్ని తెరుద్దాం." ఇలా. ఫలితాలు రాగానే మొదటిది నొక్కకుండా, కిందిదాకా ఒకసారి కళ్లతో చూసి ఎంచుకోవడం అనే చిన్న ఓపిక ఇందులోనే వచ్చేస్తుంది. నిజానికి పిల్లలకు అన్నిటికంటే కష్టమైనది అదే. మౌస్ మీద నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకోమనేదాన్ని, పది లెక్కపెట్టి అప్పుడు నొక్కమనేదాన్ని. మీరు తికమకపడినా దాచకండి. టీచర్‌కు కూడా తెలియదు, టీచర్ కూడా వెతుక్కుంటోంది అని పిల్లలు చూడడం చాలా మంచిది.

వెతికే మాటలు కూడా చూపించండి. పిల్లలు "ఫోన్ టవర్ ప్రమాదకరమా" అని కొడతారు, ప్రమాదం అని రాసిన పేజీలే వస్తాయి, ఇక తేలిపోయిందనుకుంటారు. అదే మాటను "ఫోన్ టవర్ ఆరోగ్యం పరిశోధనలు" అని మార్చి కొట్టి రెండు ఫలితాల జాబితాల్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తే మీరు వివరించాల్సిన పని ఉండదు.

వికీపీడియా గురించి మీరు అడగలేదు. అయినా చెప్పాలి, ఎందుకంటే స్కూళ్లలో దాన్ని నిషేధించడం నాకు బాధగా ఉంటుంది. ఎవరైనా రాయవచ్చు కాబట్టి నమ్మకూడదంటారు. తప్పులు వచ్చిన మాట నిజమే. 2005లో ఒక అమెరికన్ పాత్రికేయుడికి అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్యతో సంబంధం ఉందని ఎవరో రాసిన అబద్ధం నాలుగు నెలలు అలాగే ఉండిపోయింది. అది బయటపడ్డాక పేరు నమోదు చేసుకోనివాళ్లు ఇంగ్లిష్ వికీపీడియాలో కొత్త వ్యాసాలు మొదలుపెట్టకుండా ఆపేశారు. తప్పు జరిగింది, అందరికీ తెలిసింది, పద్ధతి మార్చారు. ఇది ఆ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. తప్పే చేయని సోర్స్ ఎక్కడా ఉండదు. తప్పు బయటపడ్డప్పుడు ఒప్పుకుని దిద్దుకునే సోర్స్‌కు మనం ఎక్కువ విలువ ఇవ్వాలి.

పిల్లలకు వికీపీడియాను వాకిలిగా చూపించండి. లోపలికి వెళ్లడానికి అక్కడి నుంచే వెళ్లవచ్చు, అక్కడే మకాం పెట్టకూడదు. ఒక సంస్థ ఎవరిదో, ఒక పత్రిక ఎలాంటిదో చప్పున తెలుసుకోవడానికి ఆ ఫ్యాక్ట్ చెకర్లు కూడా వికీపీడియా చూసినవాళ్లే. వ్యాసంలో వాక్యం చివర ఉండే చిన్న అంకెను నొక్కడం నేర్పండి. ఆ అంకె కింద ఏముందో, అది నిజంగా ఆ మాటే చెబుతోందో లేదో చూడమనండి. పైన "చర్చ", "చరిత్ర" అనే ట్యాబ్‌లు ఉంటాయి. ఒక వ్యాసం గురించి రాసేవాళ్లు ఎలా వాదించుకున్నారో, ఏ వాక్యం ఎప్పుడు మారిందో అక్కడ కనబడుతుంది. మా పిల్లలకు వ్యాసం కంటే ఆ వాదనలే ఇష్టంగా ఉండేవి.

మాట పుట్టిన చోటికి వెళ్లడం అన్నది రెండో అలవాటు. దీనికి నేను పాలకూర కథ చెబుతాను. పాలకూరలో ఇనుము చాలా ఎక్కువని జనం నమ్మడానికి కారణం ఒక జర్మన్ శాస్త్రవేత్త దశాంశ బిందువు తప్పుగా పెట్టడమేనని మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. పదింతలు ఎక్కువ పడిందట. 1981లో పేరున్న ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో కూడా ఇది వచ్చింది. అక్కడి నుంచి పాఠాల్లోకి, ఉపన్యాసాల్లోకి పాకింది. ఆధారాలు సరిచూసుకోవాలని హెచ్చరించడానికే చాలామంది ఈ కథను వాడారు. చివరికి 2010లో మైక్ సట్టన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఈ కథ ఎక్కడ పుట్టిందో వెనక్కి వెనక్కి వెతుక్కుంటూ వెళ్లాడు. అలాంటి దశాంశ బిందువు తప్పు జరిగిందనడానికి ఆధారమే దొరకలేదు. అంటే సరిచూసుకోండని చెప్పేవాళ్లే సరిచూసుకోలేదు. ఒకరు రాశారని ఇంకొకరు, ఆ ఇద్దరూ రాశారని మూడోవారు. పిల్లలు "మూడు వెబ్‌సైట్లలో ఉంది టీచర్" అన్నప్పుడు ఈ కథ గుర్తుచేయండి. ముగ్గురూ ఒకరి దగ్గరే విని ఉంటే అది ఒక సాక్ష్యమే, మూడు కావు. మీరు రెండు వెబ్‌సైట్లలో చూడండని నియమం పెట్టి ఉంటే దాన్ని "ఒకరి నుంచి ఒకరు తీసుకోని రెండు చోట్ల" అని మార్చండి.

ఫోటోలకూ ఇదే. వరద వచ్చిన ప్రతిసారీ, నీళ్లు నిండిన రోడ్డు మీద షార్క్ ఈదుతున్న ఫోటో తిరుగుతుంది. అందులోని షార్క్ 2005లో ఒక పత్రికలో వచ్చిన ఫోటోలోది, సముద్రంలో ఒక చిన్న పడవ వెనక వస్తున్నది. దాన్ని కత్తిరించి రోడ్డు మీద అతికించారు. 2011లో ఒక తుఫాను సమయంలో మొదలై, తర్వాత వేరే వేరే ఊళ్ల పేర్లతో అదే షార్క్ వస్తూనే ఉంది. గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో ఫోటో పెట్టి పాత ఫోటో ఎక్కడుందో చూడడం ఒక్కసారి చూపిస్తే పిల్లలు మీకంటే వేగంగా నేర్చుకుంటారు.

ఇక చాట్‌బాట్. కోప్పడి లాభం లేదు, ఇంటికి వెళ్లి అడుగుతారు. అది ఏం చేస్తుందో చెప్పండి. మాట తర్వాత ఏ మాట వస్తే బాగుంటుందో అంచనా వేసి వాక్యాలు కడుతుంది. చాలాసార్లు సరైనవే వస్తాయి. ఆధారం అడిగితే మాత్రం లేని పుస్తకాన్ని, లేని వ్యాసాన్ని కూడా ఉన్నట్టే చెప్పగలదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పుల్ని కోర్టులో దాఖలు చేశారు. వాటిలో ఆరు అసలు లేనే లేవు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. పిల్లలకు నేను చెప్పేది ఆ జరిమానా గురించి కాదు. ఆ లాయర్లలో ఒకరికి అనుమానం వచ్చి, ఈ కేసులు నిజమైనవేనా అని మళ్లీ చాట్‌జీపీటీనే అడిగారు. నిజమైనవే అంది. చూశారా, మళ్లీ ట్యూషన్ మాస్టారినే అడగడం! చాట్‌బాట్ ఏదైనా పేరు చెబితే, అంకె చెబితే, దాన్ని పట్టుకుని బయట వెతకాలి. దొరికితే ఆ దొరికినదే ఆధారం. దొరక్కపోతే ప్రాజెక్టులో రాయకూడదు. ఈ ఒక్క నియమం పెట్టండి, చాలు.

కాపీ కొట్టడం గురించి రెండు మాటలు. సగం తప్పు మన ప్రశ్నలదే. "అగ్నిపర్వతాలు" అని టాపిక్ ఇస్తే కాపీ కొట్టక ఏం చేస్తారు? అగ్నిపర్వతాల గురించి మొత్తం ఎవరో ఎప్పుడో రాసేశారు. "కొన్ని అగ్నిపర్వతాలు పేలతాయి, కొన్నిటి నుంచి లావా మెల్లగా పారుతుంది, ఎందుకని?" అని అడిగితే రెండు మూడు చోట్ల చదివి కలుపుకోవాల్సి వస్తుంది. ఇంకా మంచిది, ప్రశ్న వాళ్లనే వేసుకోనివ్వడం. ఒక పీరియడ్ మొత్తం ప్రశ్నలు వేసుకోవడానికే పోయినా వృథా కాదు. రాసుకునేటప్పుడు స్క్రీన్ ఆపేసి, చదివింది పక్కవాళ్లకు చెప్పి, అప్పుడు రాయమనండి. తెర ముందు పెట్టుకుని "సొంత మాటల్లో" రాయడం పెద్దవాళ్లకే కష్టం.

మార్కులు కూడా మార్చాలి. ఇప్పుడు అట్ట మీద బొమ్మలకు, పేజీల లెక్కకు, చక్కటి రాతకు వేస్తున్నాం. వాటికి కొన్ని ఉంచండి. దారికి సగం మార్కులు వేయండి. ఏ మాటలతో వెతికావు, ఏది తెరిచావు, ఏది వదిలేశావు, ఎందుకు వదిలేశావు అని నాలుగు వాక్యాలు. వదిలేసిన దాని గురించి రాసిన వాక్యంలోనే పిల్లల ఆలోచన బయటపడుతుంది. "ఈ పేజీ వద్దనుకున్నాను, వీళ్లు అవే మాత్రలు అమ్ముతున్నారు" అని ఒక పిల్లాడు రాసుకొస్తే నేను ఆ రోజంతా సంతోషంగా ఉండేదాన్ని.

వారానికి ఒక్క పీరియడ్ చాలదని మీరు దిగులుపడకండి. వెతికే పని చాలావరకు కాగితం మీదే నేర్పవచ్చు. ఒకే సెర్చ్ ఫలితాల పేజీని ప్రింట్ తీసి గుంపుకొకటి ఇవ్వండి. "ముందు ఏది తెరుస్తారు, ఎందుకు?" అని వాదించుకోనివ్వండి. తెరవకుండానే పీరియడ్ అయిపోతుంది, మంచిదే. ల్యాబ్ దొరికిన రోజు ఒక్క పేజీ, ఒక్క కొత్త ట్యాబ్, అంతే. పది వెబ్‌సైట్లు పైపైన చూడడం కంటే ఒక్కదాన్ని బయట విచారించడం వాళ్లకు ఎక్కువ కాలం గుర్తుంటుంది. తర్వాత ప్రతి పాఠంలో ఒక్కసారైనా "దీన్ని ఎవరు కనిపెట్టారు, మనకెలా తెలిసింది?" అని అడుగుతూ ఉండండి. దీన్ని విడిగా ఒక యూనిట్‌లా చెప్పి ముగిస్తే నెల తిరక్కుండా మరిచిపోతారు.

మొదటి పీరియడ్‌కు ఏం తీసుకోవాలంటారా? మీరు సైన్స్ టీచర్, కాబట్టి శని గ్రహం తీసుకోండి. "శనికి ఎన్ని ఉపగ్రహాలు?" అని అడిగి, ఎవరికి దొరికిన చోట వాళ్లను చూసి రమ్మనండి. లైబ్రరీలో పాత పుస్తకం చూసినవాళ్లు 62 అని తెస్తారు. ఇంకొకరు 82, మరొకరు 146, ఎవరో ఒకరు 274 అని తెస్తారు. క్లాసులో గొడవ మొదలవుతుంది. "ఏది కరెక్ట్ టీచర్, మిగతావన్నీ అబద్ధాలేనా?" అంటారు. అప్పుడు బోర్డు మీద అంకెల పక్కన, అవి రాసిన సంవత్సరాలు వేయించండి. 2019 దాకా 62. ఆ ఏడాది 20 కొత్తవి కనుక్కున్నారని ప్రకటించాక 82. 2023 నాటికి 146. 2025 మార్చిలో ఒకేసారి మరో 128 చేరితే 274. కొత్తగా చేరినవి చాలావరకు కొద్ది కిలోమీటర్ల వెడల్పున్న రాళ్లు. హవాయిలోని పెద్ద టెలిస్కోపులతో ఏళ్ల తరబడి చూస్తే గానీ దొరకలేదు.

ఆ నాలుగు చోట్లా ఎవరూ అబద్ధం చెప్పలేదు. ప్రతి ఒక్కరూ తాము రాసిన రోజుకు తెలిసింది రాశారు. వెతికేవాళ్లు వెతకడం ఆపలేదు కాబట్టి అంకె మారింది. ఇది మీ నోటితో చెప్పకండి. బోర్డు మీద సంవత్సరాలు వేశాక కాసేపు ఊరుకోండి, ఎవరో ఒకరు చెబుతారు. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయే చెబుతుందేమోనని నా ఆశ. ఆమె ఏ అంకె తెచ్చిందో, ఎక్కడి నుంచి తెచ్చిందో నాకు రాయండి.